మెరుగు క్రింద దాగిన బీట

దాదరులోగాని నాయిగాములోగాని పాతమేడల మెట్లెక్కునపుడు మన కాళ్ళక్రింద తళతళలాడు మొజాయికు నేలను మనము త్రొక్కిపోవుదుమేగాని నిలిచి చూడము. పోసిననాడు ఆ నేల గరుకుగా, బూడిదరంగుగా నుండును. నీరు చల్లి, మొదట ముతకరాయితోను, పిమ్మట నడిమిరాయితోను, కడపట సన్నరాయితోను అరగదీసి, ఆక్సాలిక్ ఆమ్లపు పొడితో దానికి మెరుగు పెట్టుదురు. ముంబయిలో ఈ పనిచేయు మనవారు నేటికిని కలరు. నిజాము రాజ్యమునుండి వచ్చి ఈ నగరపు గోడలు లేపిన కామాటీల పేరుమీదనే కామాటిపురా వెలసినదని మన పిల్లలలో ఎందరికి తెలియునో మేమెరుగము.

ఈ నేలపనికిని, ఆకాశమును చూచు దూరదర్శినికిని సంబంధమేమని చదువరులు అడుగవచ్చును. దూరదర్శినిలోని పెద్ద అద్దమును తయారుచేయు విధము సరిగా ఇదియే. రాయికి మారుగా పొడి, నేలకు మారుగా గాజు. ఆ పనిలో ఒక రహస్యమైన దోషము కలదు. అది పైకి కనబడదు, మెరుగుక్రింద దాగియుండును. శాస్త్రోపాధ్యాయులు వ్రాయవలసిన పాఠమును తెలుగు చెప్పుకొను మేము వ్రాయుటకు కారణము, ఆ దోషమును మాకు తెలిపినది పుస్తకము కాదు, మన పాఠశాల విద్యార్థి తండ్రి యొకరు, తెలిపినదియు తెలుగుమాటతోనే. ఆ సంగతి ముందు వచ్చును. మొదట అద్దమన నేమో చూతము.

పెద్ద దూరదర్శినులకు కన్ను అద్దమే. చెంచా లోపలివైపువలె కొద్దిగా గుంటగా నున్న గాజుబిళ్లపై పలుచని అల్యూమినియపు పూత పూయుదురు. నక్షత్రకాంతి దానిపై బడి, తిరిగి ఒక్కచోట కూడును. వెలుగును మలచునది గాజుముఖము. పూత దానిని అనుసరించునేగాని దాని తప్పును దిద్దలేదు. కాంతి తరంగపు పొడవు మిల్లీమీటరులో రెండువేలవ వంతునకు దగ్గర. అద్దపు ముఖము అందులోను ఎనిమిదవ వంతుకంటె ఎక్కువగా ఎచటను తప్పరాదని పనివారి నియమము. తలవెంట్రుక మందమును వేయి భాగములు చేసినచో అందొక భాగము ఇంచుమించుగా ఈ కొలత.

ఇట్టి అద్దమొకటి మన దేశములోనే నూరబడినది. తమిళనాడులో జవ్వాది కొండలనడుమ కావలూరను చోట భారత ఖగోళభౌతిక సంస్థవారి వేధశాల కలదు. అచటి పెద్ద దూరదర్శిని అద్దము అడ్డుకొలత 2.34 మీటర్లు. జర్మనీ దేశపు షాట్ కంపెనీవారు చేసిన జీరోడర్ అను గాజుబిళ్ల అది. వేడికి చలికి దాదాపుగా పెరుగదు, తరుగదు. దానిని విదేశమునకు పంపక బెంగుళూరులో సంస్థ కర్మశాలలోనే ఎ. పి. జయరాజన్ గారి నాయకత్వమున నూరి మెరుగు పెట్టిరి. ఈ పథకమును సంకల్పించిన వైనుబాప్పు గారు 1927లో జన్మించిరి. మలయాళ కుటుంబమువారైనను హైదరాబాదులో పెరిగిరి. తండ్రిగారు నిజామియా వేధశాలలో పనిచేసిరి. ఆయన నిజాం కళాశాలలో చదివిరి. 1949లో అమెరికాలో చదువుచుండగా కనుగొన్న తోకచుక్కకు ఆయన పేరుకూడ చేరినది. ఇంతటి అద్దము మనవారి చేతితోనే తయారుకావలెనని కోరిన ఆయన అది పూర్తి యగుటను చూడలేదు. 1982 ఆగస్టులో కన్నుమూసిరి. దూరదర్శిని 1985లో మొదటి వెలుగు చూచినది. 1986 జనవరి 6వ తేదీన దానికి ఆయన పేరు పెట్టిరి.

లెక్కలయందు ఇష్టముగల విద్యార్థులు ఇక్కడ కొంత ఆగవలెను. ఈ అద్దపు నాభ్యంతరము దాని వ్యాసమునకు 3.25 రెట్లు, అనగా 7.6 మీటర్లు. పరవలయపు సూత్రము ప్రకారము వ్యాసార్ధపు వర్గమును నాభ్యంతరమునకు నాలుగు రెట్లతో భాగించినచో అంచునుండి మధ్యకు గల లోతు 45 మిల్లీమీటర్లు వచ్చును. నడిమి రంధ్రమును లెక్కింపక, బల్లపరుపు బిళ్లనుండి మొదలిడినట్లు తలచినచో, ఆ పళ్లెమంత గుంట చేయుటకు సుమారు 97 లీటర్ల గాజు, అనగా 245 కిలోలు అరగదీయవలెను. ఇది మోటుపని. అటుపిమ్మటి సన్నపు పని చూడుడు: అద్దమంతట పదిమైక్రోనుల పొర తీయుట యనగా 43 ఘనసెంటీమీటర్ల గాజు, 109 గ్రాములు మాత్రమే. (మైక్రోను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు.) మొదటి 245 కిలోలకంటె ఈ చివరి గుప్పెడు గాజునకే ఎక్కువ ఓర్పు కావలెను. ఏలయో చెప్పుదుము.

నూరుట ఎట్లు జరుగును? గాజునకును పనిముట్టునకును నడుమ కార్బొరండము పొడి, నీరు వేసి రుద్దుదురు. ఒకే కొలతగల రెండు గాజుబిళ్లలను ఒకదానిపై నొకటి పెట్టి రుద్దినచో పైది గుంటయగును, క్రిందిది ఉబ్బును. పైబిళ్ల అంచు దాటి ముందునకు పోయినపుడెల్ల దాని మధ్యభాగము క్రిందిదాని అంచుపై నొత్తుకొనుటయే ఇందులకు హేతువు. పెద్ద అద్దములకు యంత్రములును వజ్రపు చక్రములును వాడుదురు గాని సూత్రమొక్కటే. పొడికి నంబరులుండును. అంగుళమునకు ఎన్ని కన్నులుగల జల్లెడలో జల్లించిరో ఆ లెక్కయే నంబరు. మిక్కిలి సన్నని పొడిని మాత్రము జల్లించరు, నీటిలో కలిపి అది క్రిందికి దిగు వేగమునుబట్టి వేరుచేయుదురు. 80 నంబరు గింజ మిల్లీమీటరులో అయిదవ వంతునకు దగ్గర. 220 నంబరుది సుమారు 65 మైక్రోనులు.

ఇక అసలు సంగతి. పొడిగింజ గాజును గీకి తీయుచున్నదని మనము తలంతుము. అది కత్తివంటిది కాదు, ఉలివంటిది. గింజ దొర్లుచు తన కొనను గాజులోనికి నొక్కును. గాజు మెత్తని లోహము కాదు, పెళుసు. కాబట్టి ఆ కొన క్రింద రెండు విధములుగా పగులును. ఒక పగులు అడ్డముగా ప్రాకి పైకి వచ్చి చిన్న పెచ్చును ఊడదీయును. మనకు కావలసిన పని అదియే, పెచ్చులు ఊడుటవలననే గాజు అరుగును. ఇంకొక పగులు నిలువుగా లోనికి దిగి అచటనే నిలిచిపోవును. పెచ్చు ఊడినచోట మిగిలిన గుంట కంటికి గరుకుగా కనబడును, నిలువుపగులు కనబడదు. నూరిన గాజు క్రింద ఇట్టి పగుళ్లపొర యొకటి కలదని ఎఫ్. డబ్ల్యు. ప్రెస్టన్ అను శాస్త్రజ్ఞుడు 1922లోనే వ్రాసెను. వదులుపొడితో నూరినపుడు ఆ పగుళ్ల లోతు పైగరుకుదనమునకు సుమారు మూడు నాలుగు రెట్లుండునని తరువాతి పరిశోధకులు కొలిచి చూచిరి. అనగా పైన పదిమైక్రోనుల గరుకు కనబడినచో క్రింద ముప్పది నలువది మైక్రోనులవరకు గాజు గాయపడి యుండునన్నమాట.

మెరుగు పెట్టుట వేరుజాతి పని. గట్టికీలుతో చేసిన దిమ్మెపై సీరియము ఆక్సైడను మిక్కిలి సన్నని పొడి, నీరు వేసి రుద్దుదురు. గింజ కీలులో దిగి కూర్చుండును గాన దొర్లదు, పగులగొట్టదు. నీరు గాజు పైపొరను కొంచెము మెత్తపరచును. పొడి దానిని రసాయనముగా పట్టి మెల్లగా లాగివేయును. ఈ విధముగా గంటకు ఒక మైక్రోను తొలగినచో గొప్పయే. మెరుగుపొర కొంతవరకు క్రింది గీతలను పూడ్చి కప్పునని కూడ ఇరువదవ శతాబ్ది మొదట బెయిల్బీ అను పండితుడు చెప్పెను. ఆ పొర స్వరూపమునుగూర్చి వాదములు పెక్కు జరిగినవి. గాని మెరయు గాజును కొంచెము ఆమ్లముతో కరగించినచో అంతవరకు లేని గీతలు మరల లేచివచ్చుట మాత్రము అందరును చూచినదే.

మా అనుభవము చెప్పుదుము. మన పాఠశాల విజ్ఞాన ప్రదర్శనమునకై పదునైదు సెంటీమీటర్ల అద్దమొకటి తయారుచేయవలెనని తొమ్మిదవ తరగతి విద్యార్థులు పూనుకొనిరి. శాస్త్రోపాధ్యాయులకు చేదోడుగా మేమును కూర్చుంటిమి. 80 నంబరు పొడితో గుంట వచ్చినది. మధ్యలోతు మిల్లీమీటరుకు కొంచెము మించినది. 220తో కొన్నిదినములు నూరితిమి. నడిమి నంబరుల పొడి చేతికందలేదు. ప్రదర్శనము దగ్గర పడినది. 220నుండి తిన్నగా 600కు పోవుదమని చెప్పినవారము మేమే. పిల్లలు కొంత సంకోచించిరి గాని ఉపాధ్యాయుల మాటకు ఎదురు చెప్పలేదు. 600తో కొద్దిసేపే నూరి, కీలుదిమ్మెమీద మెరుగునకు దిగితిమి. నాలుగైదు దినములలో అద్దము మెరసినది, ముఖము కనబడినది. మేము పొంగిపోతిమి.

ప్రదర్శనమునకు ముందటి సాయంకాలము తల్లిదండ్రులు కొందరు చూడవచ్చిరి. వారిలో మొజాయికు పాలిషుపని చేయు పాలమూరు పెద్దమనిషి యొకరు. ఆయన అద్దమునకు ఎదురుగా నిలువలేదు. దానిని కిటికీ వెలుతురునకు ఏటవాలుగా పట్టి, తలవంచి అంచుప్రక్కనుండి చూచిరి. మధ్యలో మీగడవంటి సన్నని తెలుపు తేలినది.

“సార్, నడిమి రాయి తప్పిచ్చిన్రా?” అని అడిగిరి.

రాయి కాదు, పొడి తప్పినదని చెప్పితిమి.

“గదే సార్. నేల మీద గూడ గంతే. ముతకరాయి గాట్లు నడిమిరాయి తియ్యాలె, నడిమిరాయి గాట్లు సన్నరాయి తియ్యాలె. పాలిషు పొడి తియ్యదు, కప్పుతది. మీదికి గాటు కనవడ్తది, దాని కింద బీట ఉంటది. గాటు పోతే బీట పోయిందనుకుంటం, పోదు సార్.”

ప్రక్కనున్న ఆయన కుమారుడు సిగ్గుపడి, “నాయినా, ఇది నేల కాదు, దుర్భిణి అద్దం” అనెను. మేము వానిని ఆపితిమి. గాటు, బీట యను ఈ రెండుమాటల భేదమును మేము అంతవరకు ఏ పుస్తకములోను ఇంత స్పష్టముగా చూడలేదు. పెచ్చు ఊడినచోటు గాటు. నిలువుగా లోనికి దిగినది బీట. ఈ వ్యాసమున ఇకముందు ఆ మాటలే వాడుదుము.

ఆనాడు విద్యార్థిని యొకతె, “సార్, ఇంకొక నెల రుద్దితే పోవా?” అని అడిగినది. మంచి ప్రశ్న. దానికి లెక్కయే సమాధానము. 220 నంబరు విడిచిన బీట నలువది మైక్రోనుల లోతున్నదనుకొందము. మెరుగుతో గంటకొక మైక్రోను తీసినచో నలువది గంటలు పట్టును. 400 నంబరు పొడి అంత గాజును ఒక గంటకు లోపుగనే తీయగలదు. నలువది గంటలకైనను సిద్ధమే యందురా? అంతసేపు మెరుగు పెట్టుచుండగా అద్దపు ఆకృతి చెడును, అంచు క్రుంగును. బీట పోవునాటికి పరవలయము మిగులదు. కాబట్టి ప్రతిదశయందును ముందరి దశ విడిచిన బీటలు పోవునంత లోతు తీయవలెను. తీయుచు తాను అంతకంటె చిన్నబీటలనే విడువవలెను. ఒక మెట్టు దాటినచో తరువాతి మెట్టుమీద దాని భారమంతయు పడును. కావలూరు అద్దమువంటి దానిమీద ఈ తప్పు జరిగినచో నలువది మైక్రోనుల పొర యనగా 172 ఘనసెంటీమీటర్ల గాజును మెరుగుపొడితో తీయవలసివచ్చును.

అందుచేతనే పెద్ద అద్దములకు ఏండ్లు పట్టును. అమెరికాలో పాలోమార్ కొండమీది 200 అంగుళముల అద్దపుబిళ్ల 1936లో పాసడీనా కర్మశాలకు చేరినది. యుద్ధకాలమున పని ఆగినను, మొత్తముమీద 1947లోగాని పూర్తికాలేదు. అందుండి సుమారు నాలుగున్నర టన్నుల గాజు అరగదీసిరి. పనివారు శుభ్రమైన తెల్లని దుస్తులు ధరించి లోనికి పోవుచుండిరి. ముందరిదశ ముతకగింజ ఒక్కటి దుస్తులకంటుకొని వచ్చి సన్నదశలో పడినచో పొడవైన గీత, దానిక్రింద బీట ఏర్పడును. అప్పుడు అద్దమంతయు ఆ బీట లోతువరకు మరల దించవలెను. మన పిల్లలు దశ మారునపుడెల్ల బల్లను, బక్కెటును, గోళ్ళను కడుగుకొనుటకు విసుగుకొందురు; అందుకొరకే ఈ సంగతి వ్రాసితిమి.

బీట మిగిలిననేమి యని మరియొకరు అడుగవచ్చును. నిజము చెప్పవలెనన్న, మన పదునైదు సెంటీమీటర్ల అద్దములో బీటలున్నను చంద్రుడు కనబడకపోడు. కొంత వెలుగు చెదరి ఆకాశము తెల్లబారును, అంతే. గాని పెద్దపనులలో నష్టము వేరు. గాజు విరుగుట ఎల్లప్పుడు బీటనుండియే మొదలగును. బలమంతయు మందములో లేదు, బీట ఎంత లోతున్నదన్న దానిలో నున్నది. అదిగాక నూరిన ముఖమందలి బీటలపొర లోలోపల వ్యాకోచింపజూచును. పలుచని బిళ్లను ఒకప్రక్క నూరినచో ఆ ప్రక్క ఉబ్బి బిళ్ల వంగుటను ట్వైమన్ అను ఆంగ్లేయుడు చూపెను. దానికి ఆయన పేరే నిలిచినది. మెరుగు పెట్టుకొలది ఆ వంపు సడలును గాన నిన్న కొలిచిన ఆకృతి నేడుండదు. మరియు కాలిఫోర్నియాలో లివర్‌మోర్ అనుచోట 192 లేసరు కిరణములను ఒక్కచోటికి పంపు గొప్ప యంత్రమున్నది. అచటి గాజుపలకలలో దాగిన సన్నని బీటలే తీవ్రకాంతిని త్రాగి వేడెక్కి పగిలి గుంటలగుచుండెను. కొన్ని మైక్రోనుల బీటయే అట్లు పెరుగజొచ్చెను గాన అచటివారు పలకలను ఆమ్లముతో శుద్ధిచేయు పద్ధతులు కనిపెట్టవలసి వచ్చినది.

కనబడని దానిని చూచుట ఎట్లు? హైడ్రోఫ్లోరికామ్లము బీట నోరు వెడల్పుచేసి చూపును. అది ఎముకలవరకు హానిచేయు విషము గాన పాఠశాలలో దాని పేరెత్తుటయే చాలును. కర్మశాలలలో అదే గాజు తునకను జతగా నూరి, దానిని ఏటవాలుగా చెక్కి మెరుగు పెట్టుదురు. అట్లు చేసినచో లోతు అడ్డముగా సాగి కనబడును: ఎంత దూరమున చివరి బీట ముగిసినదో కొలిచి, వాలును బట్టి లోతు లెక్కింతురు. అద్దము చెడదు, దాని తోడబుట్టిన తునక బలియగును. మన పాఠశాలకు తగిన ఉపాయములు రెండు. భూతద్దముతో గాట్లను పరీక్షించి, వానిలో అన్నిటికంటె పెద్దది ఎంతయున్నదో ప్రతిదినము వ్రాసికొనవలెను. సగటు గాటును చూచి మోసపోరాదు. రెండవది, మీరు చదివిన ఏటవాలు వెలుతురే. మంచి వెలుగున్న కిటికీ, ఓపిక గల కన్ను చాలును.

ప్రస్తుతము బెంగుళూరు దగ్గర హొసకోటలో అదే ఖగోళభౌతిక సంస్థవారి ఆవరణమున మరియొక కార్యము తలపెట్టబడినది. ముప్పది మీటర్ల దూరదర్శినియను అంతర్జాతీయ పథకములో మన దేశము భాగస్వామి. దాని అద్దము ఒక్కబిళ్ల కాదు. 492 షడ్భుజాకారపు ముక్కలు. ఒక్కొక్కటి మూలనుండి మూలకు 1.44 మీటర్లు, మందము 45 మిల్లీమీటర్లే. వానిలో కొన్నిటికి మెరుగు పెట్టు బాధ్యత మనవారిది. ముక్క పలుచన గాన దానిని బలముతో వంచి పట్టి నూరి, విడిచినపుడు కోరిన ఆకృతికి వచ్చునట్లు చేయుదురు. వంచి పట్టునపుడు బీటలుగల గాజు ఏమగునో చదువరులే ఊహించుకొనవచ్చును.

మన అద్దము ప్రదర్శనములో పెట్టబడలేదు. దాని బదులు పిల్లలు ఒక కార్డుమీద “నడిమిపొడి తప్పినందున నిలిపివేయబడినది” అని వ్రాసి, అద్దమును ఏటవాలుగా దీపమునకు పట్టి చూపిరి. వచ్చినవారిలో పెక్కుమంది మెరయు నమూనాలకంటె దానిదగ్గరనే ఎక్కువసేపు నిలిచిరి. ఆ తరువాత మెరుగునంతయు నూరివేసి 220కి తిరిగి వెళ్ళితిమి. ఇపుడు 320 ముగిసి 400 దశలో నున్నది. 220నాటి గాట్లు అంచుదగ్గర ఇంకను మూడు కనబడుచున్నవి. అవి పోవువరకు 600 డబ్బా మూత తీయరాదని పాలమూరు పెద్దమనిషి పిల్లలకు ఆజ్ఞ. ఆయనకు పని లేని శనివారములలో వచ్చి చూచిపోవుచున్నారు.

చూడగోరు తల్లిదండ్రులు శనివారము మధ్యాహ్నము రెండుగంటలకు ప్రయోగశాలకు రావచ్చును. పనిబట్టలతో వచ్చువారు సిమెంటు, ఇసుక దులుపుకొని రావలెను. ఉంగరములు బయట తీసి పెట్టవలెను.